దుఃఖంలో తోడు నిలిచిన విమాన సిబ్బందికి మా కృతజ్ఞత ఎలా చేరవేయాలి?

ప్రశ్న: రాజమండ్రి ఆడపడుచు, డాలస్

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు ఈ ఏడాది సందర్శకుల వీసా మీద డాలస్‌లో మా ఇంటికి వచ్చారు. తిరుగు ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉండగానే నాన్నగారు గుండెపోటుతో ఇక్కడి ఆసుపత్రిలో కన్నుమూశారు. దహన సంస్కారం ఇక్కడే జరిపించాము. అస్థికలు మాత్రం గోదావరిలోనే కలవాలని అమ్మ పట్టుబట్టడంతో, హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ నుంచి అనుమతి పత్రం తెప్పించుకొని, ముందే కొన్న తిరుగు టికెట్ల తేదీ మార్పించి, నేనూ అమ్మా గల్ఫ్ మీదుగా హైదరాబాదు వెళ్లాము. కోటిలింగాల రేవులో నిమజ్జనం, ఆ తరువాత పెద్దకర్మ తమ్ముడి చేతుల మీదుగా సక్రమంగా జరిగాయి.

ఆ ప్రయాణంలో మాకు ఎదురైన సిబ్బంది గురించే ఈ ప్రశ్న. సంస్థ పేరు ఎందుకు రాయడం లేదో చివరికి మీకే అర్థమవుతుంది.

డాలస్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గర అమ్మ తన పాస్‌పోర్టుతో పాటు నాన్నగారి పాస్‌పోర్టు కూడా అందించింది. ఆయనది అప్పటికే రద్దు చేసి, మూల కత్తిరించి తిరిగి ఇచ్చినది. ఎక్కడికి వెళ్లినా రెండూ కలిపి ఇవ్వడమే ఆమెకు అలవాటు. కౌంటర్‌లో ఉన్న మధ్యవయసు ఉద్యోగిని రెండింటినీ తీసుకొని, రెండూ తెరిచి చూసి, ఏమీ మాట్లాడకుండా నా వైపు చూసింది. నేను మరణ ధృవీకరణ పత్రం చూపించాను. ఆమె కౌంటర్ వెనక నుంచి లేచి ఇవతలకు వచ్చి, రెండు పాస్‌పోర్టులనూ రెండు చేతులతో అమ్మకు తిరిగి ఇచ్చింది. నాన్నగారి పేరు బుకింగ్ నుంచి తీసే పని అమ్మకు వినిపించకుండా చేసింది. వాడని టికెట్టు సొమ్ము తిరిగి రావడానికి ఎవరికి రాయాలో కాగితం మీద రాసి నా చేతిలో పెట్టింది. మా పక్క సీటు ఖాళీగా ఉండేలా చూసింది.

విమానంలో అసలు చిక్కు వచ్చింది. అస్థికల డబ్బాను నాన్నగారి తెల్ల కండువాలో చుట్టి అమ్మ ఒడిలో పెట్టుకుంది. విమానం పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు ఒడిలో ఏమీ ఉండకూడదన్నది నియమం. కాళ్ల దగ్గర పెట్టడానికి అమ్మ ఒప్పుకోదు. నలుగురి పెట్టెల మధ్య పెట్టడానికీ మనసొప్పదు. పర్సర్ (విమానంలోని సిబ్బందికి పెద్ద) అమ్మ ఎదుట మోకాళ్ల మీద కూర్చొని విషయమంతా విన్నది. తరువాత మా సీటుకు ఎదురుగా ఉన్న లగేజీ అర మొత్తం ఖాళీ చేయించి, అందులో కొత్త దుప్పటి పరిచి, డబ్బాను అమ్మ చేతనే అందులో పెట్టించింది. ప్రయాణమంతా ఆ అరలో ఇంకెవరూ ఏమీ పెట్టకుండా చూసుకుంది. బయట వండినది తినకూడదని అమ్మ పస్తు ఉంటే, ఎక్కడెక్కడివో అరటిపళ్లు, ద్రాక్ష పోగుచేసి తెచ్చిపెట్టారు.

గల్ఫ్‌లో మా విమానం ఆలస్యంగా దిగింది. హైదరాబాదు విమానానికి సమయం దాదాపు మించిపోయింది. వీల్‌ఛైర్ తీసుకొని వచ్చిన అబ్బాయి జగిత్యాల వైపు వాడట. ‘పెద్దమ్మా, మీరు పరేషాన్ కాకుండ్రి, నేనున్న’ అని మమ్మల్ని దాదాపు పరుగెత్తిస్తూ తీసుకువెళ్లాడు. దారి పొడవునా ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నాడు. మేము చేరేసరికి గేటు మూసే వేళ దాటిపోయింది, అయినా తలుపు తెరిచే ఉంది. ఆ గేటు దగ్గర ఉన్న అమ్మాయి అమ్మ భుజం మీద చెయ్యి వేసి లోపలికి పంపింది.

నా సందేహాలు ఇవి. పర్సర్ పేరు తప్ప మిగతా వారి పేర్లు నాకు తెలియవు. నా ఉత్తరం వాళ్ల వరకు చేరే మార్గం ఏమిటి? మా కోసం విమానం ఆపారని రాస్తే, నియమం తప్పారని ఆ పిల్లలకు చిక్కులు వస్తాయా? మూడోది అమ్మ మాట. వాళ్లందరికీ బట్టలు పెట్టాలని ఆమె కోరిక. ఇది కుదిరే పనేనా?

సమాధానం 1: బేగంపేట పాతకాపు

అమ్మా, మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థిస్తున్నాను. నేను ఒక విమాన సంస్థ భూతల సేవల విభాగంలో బేగంపేటలోనూ, 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కు మారాక అక్కడా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. మీ రెండో సందేహమే ముఖ్యమైనది కనుక ముందు దానికి జవాబు రాస్తాను.

మీరు భయపడనక్కరలేదు. గేటు దగ్గర నిలబడే ఉద్యోగికి విమానాన్ని తన ఇష్టప్రకారం ఆపే అధికారం ఉండదు. వెనక విమానం నుంచి ఎంతమంది మారి ఎక్కవలసి ఉందో, వాళ్లు ఏ గేటు దగ్గర దిగారో, ఇవతలికి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆపరేషన్స్ కంట్రోల్ గది వాళ్లు తెర మీద చూస్తూనే ఉంటారు. విమానం బయలుదేరడానికి కేటాయించిన వేళ (స్లాటు), సిబ్బంది పనిగంటల పరిమితి, అవతల ఊరిలో ఇంకెవరి కనెక్షన్లు దెబ్బతింటాయన్న లెక్క, ఇవన్నీ బేరీజు వేసుకొని, కెప్టెన్‌తో మాట్లాడి, ఆగాలా వద్దా అన్నది తేల్చేది వాళ్లే. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ కారణం నమోదు చేయాలి; అందుకు ప్రపంచమంతటా విమాన సంస్థలు వాడే రెండంకెల కోడ్‌లు ఉన్నాయి. వెనక విమానం నుంచి రావలసిన వారి కోసం, సరుకు కోసం ఆగడానికి ప్రత్యేకంగా 91 అనే కోడే ఉంది. అంటే ఇది పద్ధతిలో ఉన్న పనే.

మరి ఆ పిల్లలు చేసిన గొప్పతనం ఏమిటని మీరు అడగవచ్చు. కంట్రోల్ గదిలో ఉన్న మనిషికి తెర మీద మీరు ఇద్దరు ప్రయాణికులు, అంతే. ఆ ఇద్దరిలో ఒకరు భర్తను పోగొట్టుకొని అస్థికలతో వస్తున్న పెద్దావిడ అని తెర చెప్పదు. ఎవరో ఒకరు ఫోను తీసి చెప్పాలి. మీ వీల్‌ఛైర్ అబ్బాయి దారి పొడవునా చేసింది బహుశా అదే. అతని పని కుర్చీ నెట్టడం వరకే. ఫోను చేసి బతిమాలమని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. కాబట్టి ‘విమానం ఆపారు’ అని రాయకండి. ‘మా పరిస్థితిని పై వారికి తెలియజేసి, మేము చేరేదాకా మమ్మల్ని విడిచిపెట్టలేదు’ అని రాయండి. అదే ఎక్కువ నిజం, ఎక్కువ ప్రశంస కూడా.

ఇక ఉత్తరం చేరడం గురించి. విమానంలోని సిబ్బంది పేర్లు తెలియకపోయినా ఇబ్బంది లేదు. విమానం నంబరు, తేదీ, మీ సీటు నంబరు ఉంటే ఆ వరుసలో ఎవరు పనిచేశారో వాళ్ల రికార్డుల్లో దొరుకుతుంది. చెక్-ఇన్ కౌంటర్‌కు సమయం, కౌంటర్ నంబరు గుర్తుంటే అవి రాయండి. కానీ వీల్‌ఛైర్ అబ్బాయి విషయం వేరు. వీల్‌ఛైర్లు, లగేజీ, చాలాచోట్ల చెక్-ఇన్ కూడా కాంట్రాక్టు సంస్థల చేతుల్లో ఉంటాయి. మీరు విమాన సంస్థకు రాసిన ఉత్తరం అక్కడే ఆగిపోయి, ఆ అబ్బాయికి కబురైనా అందకపోవచ్చు. అతని కోసం విడిగా ఒక ఉత్తరం రాసి, విమానాశ్రయ యాజమాన్యానికి పంపి, కాంట్రాక్టు సంస్థకు అందజేయమని స్పష్టంగా కోరండి. విమాన సంస్థ వెబ్‌సైటులో ఫిర్యాదుల పక్కనే ప్రశంసలకూ ఒక గడి ఉంటుంది, అందులోనే రాయండి. ఫిర్యాదు గడిలో వేస్తే అది నష్టపరిహారాల గుమాస్తా దగ్గరకు వెళుతుంది.

మా రోజుల్లో ఇలాంటి ఉత్తరం వస్తే షిఫ్టు మొదట్లో అందరి ముందూ చదివి, నోటీసు బోర్డుకు గుచ్చేవాళ్లం. ఫిర్యాదులు కట్టలు కట్టలుగా వచ్చే చోట అలాంటి కాగితం ఒక్కటి వస్తే దాని కోసం ఎంతమంది తమ పని వదిలి వచ్చి చదివేవారో నేను కళ్లారా చూశాను.

సమాధానం 2: జగిత్యాల, ప్రస్తుతం దుబాయ్

అక్కా, మీ అమ్మగారికి నా నమస్కారాలు. ఆ వీల్‌ఛైర్ తమ్ముడు మా జిల్లావాడని చదివి మనసు నిండిపోయింది.

మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినదే కాని, ఎవరూ తలచుకోని మనుషుల గురించి ఒక మాట చెప్పాలి. ఇక్కడ చనిపోయిన మన కార్మికుల పార్థివ దేహాలను ఇళ్లకు పంపే పనిలో నేను కొంతకాలంగా సహాయం చేస్తున్నాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్, అటు కడప, గోదావరి జిల్లాలు, ఇలా ఎన్నో ఊళ్లకు ఇక్కడి నుంచి పేటికలు వెళుతుంటాయి. మరణ ధృవీకరణ పత్రం, దేహం చెడిపోకుండా మందు ఎక్కించినట్లు పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, భారత దౌత్య కార్యాలయం నిరభ్యంతర పత్రం, ఇవన్నీ ఉంటే గాని విమాన సంస్థ పేటికను తీసుకోదు. ఖర్చు పెట్టుకోలేని వారికి 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి దౌత్య కార్యాలయమే సహాయం చేస్తుంది. ఇటు భారతదేశంలో విమానాశ్రయ ఆరోగ్యాధికారి అనుమతి కావాలి. 2023లో కేంద్ర ఆరోగ్య శాఖ ఈ-కేర్ అనే పోర్టల్ తెచ్చాక అది ఆన్‌లైన్‌లోనే జరుగుతోంది.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, పేటిక మాత్రం సరుకుల విభాగంలోనే ప్రయాణం చేస్తుంది. దానికీ బిల్లు ఉంటుంది, బరువు రాస్తారు. ఇంటివాళ్లకు ఆ బరువు రాసిన కాగితం చూడటమే ఒక శిక్ష. ఒకసారి నేను ఒక పేటికతో పాటు శంషాబాద్ వరకు వెళ్లాను. అర్ధరాత్రి దాటింది. చనిపోయిన అతని తండ్రి, భార్య ఊరి నుంచి జీపులో వచ్చి కార్గో టెర్మినల్ బయట నిలబడి ఉన్నారు. పేటిక బయటకు తెచ్చే ముందు అక్కడి ఉద్యోగి ఒకతను, ఎవరూ అడగకుండానే, దాని మీద చుట్టిన గోనెపట్టా, తాళ్లు కోసి తీసేసి, గుడ్డతో పైభాగమంతా తుడిచాడు. తరువాత చీటీ మీద ఉన్న పేరుకు ‘గారు’ చేర్చి, ‘ఫలానా గారి కుటుంబం ఎవరండీ’ అని పిలిచాడు. గల్ఫ్‌లో ఇన్నేళ్లుగా కూలి చేసిన ఆ మనిషిని ‘గారు’ అని పిలవడం ఆ తండ్రి విన్నాడు. సంతకం పెట్టే ముందు అతను ఆ ఉద్యోగి చేతులు పట్టుకున్నాడు.

ఆ ఉద్యోగికి నేను ఉత్తరం రాశాను. ఏ ప్రయాణికుడూ సీటు నంబరు వేసి అతని గురించి రాయడు, ఎందుకంటే అతను అందుకునే ప్రయాణికులు ఎవరూ మాట్లాడలేరు. పేటికలు అందుకున్న కుటుంబాలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఎయిర్‌వే బిల్లు (సరుకుల విభాగం ఇచ్చే రవాణా పత్రం) నంబరు, తేదీ వేసి సంస్థ కార్గో విభాగానికి రెండు వాక్యాలు రాయమని నా మనవి.

సమాధానం 3: మేఘాల మీద కొలువు

నమస్కారం అండీ. నేను విశాఖపట్నం అమ్మాయిని, గల్ఫ్‌లోని ఒక విమాన సంస్థలో క్యాబిన్ సిబ్బందిగా ఉన్నాను. మీది మా సంస్థో కాదో తెలియదు.

అమ్మగారి బట్టల విషయం ముందు చెబుతాను. డబ్బు గాని, విలువైన కానుకలు గాని తీసుకోకూడదని మాకు నియమం ఉంది, చాలా సంస్థల్లో ఉంటుంది. ప్రయాణికులు ప్రేమగా ఇచ్చే చాక్లెట్ డబ్బా లాంటివి అందరం పంచుకుంటాం, అంతవరకు ఇబ్బంది లేదు. చీర పార్సిల్ మాత్రం ఆ అమ్మాయి చేతికి చేరకపోగా, ఎందుకు వచ్చిందో ఆమె వివరణ ఇచ్చుకోవలసి వస్తుంది. అమ్మగారితో ఇలా చెప్పి చూడండి: బట్టలకు బదులు, ఆమె స్వయంగా తన చేతిరాతతో తెలుగులో ఒక ఉత్తరం రాయాలి. మీరు దానిని ఇంగ్లీషులోకి మార్చి, చేతిరాత కాగితం ఫోటో కూడా జతచేయండి. అటువంటి ఉత్తరాల నకళ్లు మేము దాచుకుంటాం. నాతో పనిచేసే ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి తనకు అర్థం కాని అరబ్బీలో ఒక ముసలాయన రాసిన కాగితాన్ని తన లాకర్ తలుపు లోపల అతికించుకుంది.

లగేజీ అర గురించి మీరు రాసినది చదివి ఆగిపోయాను. నిండుగా ఉన్న విమానంలో ఒక అర మొత్తం ఖాళీ చేయించడం మాటలు కాదు. పెట్టెలు కదిల్చినందుకు కోప్పడే ప్రయాణికులు ఉంటారు, వాళ్లకు కారణం చెప్పకూడదు, చెబితే మీ దుఃఖాన్ని నలుగురిలో పెట్టినట్లవుతుంది. ఆ పర్సర్ ఆ మాటలన్నీ తాను పడి, మీ వరకు రానివ్వలేదని నా నమ్మకం. ఉత్తరంలో ఆ అర గురించి, దుప్పటి గురించి తప్పక రాయండి. ‘మంచిగా చూసుకున్నారు’ అన్న వాక్యం మా పై అధికారులు రోజూ చదువుతారు. ఖాళీ చేసిన అర గురించి ఎవరూ రాయరు.

ఒక మాట అమ్మగారికి నా తరఫున చెప్పండి. తాను ఏడ్చి సిబ్బందిని ఇబ్బంది పెట్టానేమోనని పెద్దవాళ్లు చాలామంది దిగేటప్పుడు క్షమాపణ అడుగుతారు. అలా ఎంతమాత్రం అనుకోవద్దు. అంత దూరం, అంతసేపు తల్లి వయసున్న మనిషిని కనిపెట్టుకొని ఉండగలిగిన రోజున మాకు ఈ కొలువు మీద గౌరవం పెరుగుతుంది.

సమాధానం 4: హ్యూస్టన్ శ్రోత

మొదటి సమాధానానికి అనుబంధంగా రాస్తున్నాను. సిబ్బందికి చిక్కులు వస్తాయన్న భయం నాకు అర్థమవుతుంది కాని, బయటికి తెలిసిన ఉదాహరణ దానికి వ్యతిరేకంగానే ఉంది. 2013 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హ్యూస్టన్ మీదుగా టెక్సస్‌లోని లబ్బాక్ వెళుతున్న ఒక యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ప్రయాణికుడు, అవసాన దశలో ఉన్న తల్లిని చూడటానికి బయలుదేరాడు. మొదటి విమానం ఆలస్యమైంది. హ్యూస్టన్‌లో ఎక్కవలసిన లబ్బాక్ విమానం తప్పిపోతే ఆ రాత్రికి ఇంకో విమానం లేదు. అతను ఏడవడం చూసి క్యాబిన్ సిబ్బంది కెప్టెన్‌కు చెప్పారు, ఆయన ముందుకు కబురు పంపాడు, హ్యూస్టన్‌లో లబ్బాక్ విమానం అతని కోసం ఆగింది. తల్లి అతన్ని గుర్తుపట్టింది. మరునాడు తెల్లవారుజామున కన్నుమూసింది. అతను సంస్థకు కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాశాడు, ఆ సంగతి పత్రికల్లోనూ టీవీల్లోనూ వచ్చింది. సిబ్బందిని అందరూ మెచ్చుకున్నారు.

అయితే ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. మీ ఉత్తరాన్ని ప్రచారానికి వాడుకుంటామని సంస్థ అడగవచ్చు. ఇష్టం లేకపోతే, సిబ్బందికి చూపడం వరకే అనుమతి ఇస్తున్నామని ఉత్తరంలోనే ఒక వాక్యం చేర్చండి. మీ అమ్మగారి దుఃఖం ఆమె సొంతం. అది ఏ ప్రకటన బొమ్మ కిందా కనిపించకూడదు.

ప్రశ్న అడిగినవారి ప్రత్యుత్తరం: రాజమండ్రి ఆడపడుచు

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. మీ సమాధానాలన్నీ అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. కార్గో ఉద్యోగి సంగతి రెండుసార్లు చదివించుకుంది. బట్టల ఆలోచన మానుకుంది, ఉత్తరం రాయడానికి ఒప్పుకుంది. అందులో తాను రాసే మొదటి మాట జగిత్యాల అబ్బాయి గురించేనట. ‘వాడు నన్ను పెద్దమ్మా అన్నాడు, మిగతావాళ్లంతా అమ్మగారూ అన్నారు, ఇద్దరూ కావాలి నాకు’ అంది.

విమాన సంస్థకు ఒకటి, విమానాశ్రయానికి ఒకటి, చెక్-ఇన్ ఉద్యోగిని కోసం డాలస్ కార్యాలయానికి ఒకటి, వేర్వేరుగా రాస్తున్నాను. గేటు దగ్గర ఎంతసేపు ఆగారన్నది రాయను. ప్రచారం వద్దన్న వాక్యం చేర్చాను. బేగంపేట పెద్దాయన గారూ, చివరిగా ఒక్క సందేహం: ఋజువు కోసం బోర్డింగ్ పాసుల ఫోటో జతచేయవచ్చునా?

సమాధానం 1 రాసినవారు: బేగంపేట పాతకాపు

చేయవచ్చునమ్మా, కాని బార్‌కోడ్, బుకింగ్ నంబరు కనిపించకుండా కప్పి పంపండి. వాటితో మీ వివరాలన్నీ తెరుచుకుంటాయి. విమానం నంబరు, తేదీ, సీటు నంబరు కనిపిస్తే చాలు. వీల్‌ఛైర్ సేవ బుక్ చేసుకున్నట్లు టికెట్టులో ఉంటే ఆ పేజీ కూడా విమానాశ్రయానికి పంపే ఉత్తరానికి జతచేయండి. ఆ గంటలో ఆ గేటు నుంచి ఆ గేటుకు ఎవరిని పంపారో కాంట్రాక్టు సంస్థ దగ్గర డ్యూటీ చీటీ ఉంటుంది. అవి ఎక్కువకాలం ఉంచరు కాబట్టి, ఆ ఉత్తరం మాత్రం అమ్మగారి కాగితం కోసం ఆగకుండా ఈ వారమే పంపేయండి.